క్వార్టర్ మటన్, నాలుగు తెలుగు మాటలు

ఈ శుక్రవారం సాయంత్రం స్నేహితులతో బయట తినడానికి వెళ్తున్నారా? వెళ్ళండి. కూర్చున్నాక ఒక్కసారి మీ బల్ల దగ్గర ఎన్ని భాషలు వినిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఏం కావాలో ఇంగ్లీషులో చెబుతారు. ప్లేటు తెచ్చి పెట్టిన అమ్మాయికి జులూలో ‘ఙియబోంగ’ అంటారు. గోడ మీది టీవీలో హిందీ పాటో తమిళ పాటో వస్తుంటుంది. క్రికెట్ గురించి గొడవ మళ్ళీ ఇంగ్లీషులోనే. మరి తెలుగు ఎక్కడుంది? ఇంట్లో దీపం దగ్గర, అవ్వ కుర్చీ పక్కన ఉండిపోయింది.

ఈ వ్యాసం ఆ తెలుగును డర్బన్ హోటల్ బల్ల దాకా తీసుకురావడం గురించి. మీరు తెలుగు నేర్చుకుంటున్నవారే అయితే, ఇందులోని మాటలను వచ్చే వారమే వాడుకోవచ్చు. వ్యాకరణం కొంచెం ఉంటుంది. తిండి ఎక్కువ ఉంటుంది.

మన పెద్దలు భాషను కాపాడారు. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ రోజుల నుంచి ఇప్పటి వారాంతపు తరగతుల వరకు ఎందరో పాఠాలు చెప్పారు, భజనలు నేర్పారు, నాటకాలు వేయించారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, ఈ దేశంలో గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల వరుసలో తెలుగు పేరు కూడా ఉంది. తమిళం పక్కన, ఉర్దూకు ముందు. రాజ్యాంగంలో చోటు దొరికిన భాషకు మన బల్ల దగ్గర చోటు లేకపోతే ఎలా?

పెద్దవాళ్ళతో మాత్రమే మాట్లాడే భాష వాళ్ళతోనే వెళ్ళిపోతుంది. మన ఈడువాళ్ళతో నవ్వుతూ, వాదిస్తూ, తింటూ మాట్లాడే భాష నిలుస్తుంది. అందుకే బయట తినడం చిన్న విషయం కాదు.

బల్ల లేనివాళ్ళ తిండి

ముందు మన ఊరి తిండి గురించి నాలుగు మాటలు. బన్నీ చౌ తెలియని డర్బన్ మనిషి ఉండడు. రొట్టెను అడ్డంగా కోస్తారు. లోపలి మెత్తని భాగాన్ని తొలిచి తీస్తారు. ఆ గుంటలో వేడి వేడి కూర పోస్తారు. తీసిన మెత్తని ముక్కను పైన మూతలా పెడతారు. రొట్టెలో నాలుగో వంతు అయితే క్వార్టర్, సగం అయితే హాఫ్. పళ్ళెం అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు. రొట్టే గిన్నె. గిన్నెను కూడా తినేయవచ్చు.

బన్నీ ఎలా పుట్టిందో చెప్పే కథలు చాలా ఉన్నాయి. ఎక్కువగా వినిపించేది గ్రే స్ట్రీట్ కథ. ఆ వీధి పేరు ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్. అక్కడి గుజరాతీ వ్యాపారులను ‘బనియా’లు అనేవారు. ఆ బనియాల కొట్టు తిండి కాబట్టి ‘బనియా చౌ’ అన్నారని, అదే నోళ్ళలో నలిగి ‘బన్నీ చౌ’ అయిందని చెబుతారు. అందులో మొదట మాంసం లేదు, చిక్కుడు గింజల కూరే.

రొట్టెలోనే ఎందుకు పెట్టారు? కూర్చుని తినే చోటు అందరికీ లేదు కాబట్టి. కిటికీ దగ్గరో వెనక తలుపు దగ్గరో కొనుక్కుని, చేత్తో పట్టుకుని, నిలబడి తినగలిగే తిండి కావాలి. పొలానికీ పనికీ పట్టుకెళ్ళగలిగే తిండి కావాలి. ఎవరు ఎక్కడ కూర్చోవచ్చో రంగును బట్టి నిర్ణయించడం ఈ దేశంలో చాలా కాలం సాగింది. 1953లో వచ్చిన ప్రత్యేక సౌకర్యాల చట్టం దానికి మరింత బలం ఇచ్చింది. బెంచీలు వేరు, సముద్రతీరాలు వేరు, భోజనశాలలు వేరు. ఆ చట్టం రద్దయింది 1990లో.

మీ తాతనో ముత్తాతనో అడిగి చూడండి. డర్బన్ సముద్రతీరం హోటళ్ళలో భారతీయ వెయిటర్లు ఎందరో పనిచేశారు. తెల్లని చొక్కా వేసుకుని, ట్రే పట్టుకుని, ఇతరులకు వడ్డించారు. సాయంత్రం పని అయ్యాక అదే హోటల్లో, అదే కుర్చీలో అతిథిగా కూర్చునే హక్కు వాళ్ళకు లేదు.

అలాగని మనవాళ్ళు బయట తినలేదని కాదు. గ్రే స్ట్రీట్, విక్టోరియా స్ట్రీట్ చుట్టుపక్కల తమకంటూ ఒక లోకం కట్టుకున్నారు. సినిమా హాళ్ళు, టీ కొట్లు, మిఠాయి కొట్లు, కూర హోటళ్ళు ఉండేవి. 1950లలో విక్టోరియా స్ట్రీట్‌లోని గుడ్‌విల్ లౌంజ్‌లో జాజ్ సంగీతం మోగేది. శనివారం సినిమా, తరువాత బన్నీ: ఆ తరం యువకుల సరదా అది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కుటుంబాలను చాట్స్‌వర్త్‌కు, తరువాత ఫీనిక్స్‌కు తరలించింది. ఇళ్ళతో పాటు కూరల కొట్లూ కదిలాయి. ఇప్పుడు ఆ పేటల్లో మూలకొక బన్నీ కొట్టు ఎందుకు ఉందో ఆలోచిస్తే, సగం కారణం ఇదే.

ఇప్పుడు మీరు ఏ హోటల్లోనైనా, ఏ కుర్చీలోనైనా కూర్చోవచ్చు. ఆ కుర్చీ ఊరికే రాలేదు.

చేత్తో తినేవాళ్ళ క్రియలు

సరే, బన్నీ వచ్చింది. ఎలా తినాలి? పైన ఉన్న మెత్తని ముక్కతో మొదలుపెట్టండి. దాన్ని కూరలో అద్దుకోండి. ఆ తరువాత అంచు నుంచి రొట్టె తుంచుకుంటూ, కిందికి దిగుతూ తినండి. అడుగు మాత్రం చివరిదాకా కదపకండి. అడుగు చిరిగితే చొక్కా పోతుంది.

ఇందులో వచ్చిన క్రియలను గమనించారా? అద్దుకోవడం, తుంచుకోవడం. తెలుగులో క్రియకు ‘కొను’ చేరితే, ఆ పని మన కోసం మనమే చేసుకుంటున్నామని అర్థం. ‘వడ్డించు’ అంటే ఇతరులకు పెట్టడం. ‘వడ్డించుకో’ అంటే నీకు నువ్వే పెట్టుకోవడం. మన వెయిటర్ తాతలు జీవితమంతా వడ్డించారు. మీరు వడ్డించుకుంటున్నారు.

తిండి దగ్గర ఇలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి. నేర్చుకోవడానికి బల్ల కంటే మంచి తరగతి గది లేదు.

తుంచుకోవడం: రొట్టెను వేళ్ళతో చిన్న ముక్కలుగా విడదీసుకోవడం.

అద్దుకోవడం: ముక్కను కూరలో కొంచెం తాకించి తీయడం. పూర్తిగా ముంచితే అది ముంచుకోవడం.

కలుపుకోవడం: అన్నంలో పప్పో కూరో వేసి చేత్తో కలపడం. బన్నీకి ఈ మాట పనికిరాదు, బ్రేయానీకి పనికొస్తుంది.

నంజుకోవడం: ఇది బంగారం లాంటి మాట. ముఖ్యమైన తిండి తింటూ మధ్య మధ్యలో పక్కనున్నది కొంచెం కొరకడం. పెరుగన్నం తింటూ ఆవకాయ నంజుకుంటారు. బన్నీ పక్కన క్యారెట్ తురుము, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, వెనిగర్ కలిపి పెడతారు కదా, దాన్ని మనం నంజుకుంటాం. ఇంగ్లీషులో ఈ ఒక్క పనికి ఒక్క మాట వెతకండి, దొరకదు.

జుర్రుకోవడం: చప్పుడు చేస్తూ లోపలికి పీల్చుకోవడం. మటన్ కూరలో ఎముక వస్తే, లోపలి మెత్తని మూలుగను జుర్రుకుంటారు. మర్యాదగల పెద్ద హోటల్లో వద్దు. స్నేహితుల మధ్య అయితే తప్పేమీ లేదు.

ఇక రుచులు. వేడిగా ఉన్నా ‘హాట్’, మిరపకాయ మండినా ‘హాట్’: ఇంగ్లీషు ఒకే మాటతో రెండు పనులు చేయిస్తుంది. తెలుగు అలా చేయదు. నిప్పు వల్ల వచ్చింది వేడి. మిరపకాయ వల్ల వచ్చింది కారం. ‘కూర వేడిగా ఉంది’ అంటే కాసేపు ఆగి తినండి. ‘కూర కారంగా ఉంది’ అంటే నీళ్ళు దగ్గర పెట్టుకోండి. డర్బన్ కూర సాధారణంగా రెండూ. ఉప్పు కారం తక్కువైతే ‘చప్పగా ఉంది’ అనండి. నోటికి హాయిగా ఉంటే ‘కమ్మగా ఉంది’ అనండి. ఒంటికి సరిపడని తిండి అయితే ‘నాకు పడదు’ అంటే చాలు. ‘నాకు రొయ్యలు పడవు’ అని చెబితే ఇక ఎవరూ బలవంతం చేయరు.

కూరలో మెత్తగా ఉడికిన బంగాళాదుంపను డర్బన్‌లో ‘గ్రేవీ సోకర్’ అంటారు. పులుసు పీల్చుకునేది అని అర్థం. దీనికి తెలుగు పేరు మీరే పెట్టుకోండి. ‘పులుసు పీల్చే దుంప’ ఎలా ఉంది? భాష మనది కాబట్టి కొత్త పేరు పెట్టే హక్కూ మనదే.

అక్కడి మాట, ఇక్కడి మాట

‘హోటల్, బిల్లు అన్నీ ఇంగ్లీషు మాటలే కదా, ఇది తెలుగు ఎలా అవుతుంది?’ అని మీకు సందేహం రావచ్చు. రాజమండ్రిలోనో విశాఖపట్నంలోనో రోడ్డు మీద నిలబడి వినండి. అక్కడివాళ్ళు కూడా హోటల్, బిల్లు, ప్లేటు, సర్వర్ అనే అంటారు. అయితే కొన్ని మాటలకు అక్కడ అర్థం వేరు. అక్కడ ‘హోటల్’ అంటే పడుకునే చోటు కాకపోవచ్చు. ఇడ్లీ, భోజనం దొరికే చిన్న కొట్టు కూడా హోటలే. పొద్దున్న తినే ఇడ్లీ, దోశ ‘టిఫిన్’. ఇంటికి పట్టుకెళ్ళేది ‘పార్సిల్’. మనం ‘టేక్ అవే’ అనే దాన్ని వాళ్ళు ‘పార్సిల్ కట్టండి’ అంటారు.

ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త. ఇక్కడ ‘క్వార్టర్’ అంటే మీ కళ్ళ ముందు బన్నీ కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ‘క్వార్టర్’ అంటే చాలామందికి గుర్తొచ్చేది 180 మిల్లీలీటర్ల మద్యం సీసా. మీ చుట్టాలను చూడడానికి వెళ్ళి, పెద్దమ్మ ముందు ‘నాకు ప్రతి శుక్రవారం ఒక క్వార్టర్ కావాలి, ఆకలి ఎక్కువైతే హాఫ్’ అని చెప్పారనుకోండి. ఆ రాత్రి మీ అమ్మకు ఫోను వెళ్తుంది.

బ్రేయానీ విషయంలోనూ ఇంతే. హైదరాబాదు బిర్యానీ తిన్నవారికి మన డర్బన్ బ్రేయానీలో మసూర్ పప్పు చూస్తే ఆశ్చర్యం. బియ్యం, మాంసం, బంగాళాదుంపలతో పాటు పప్పు గింజలు కూడా పడాలి మనకు. పక్కన పప్పు, పుల్లని మజ్జిగ ఉండాలి. ‘ఇది అసలైన బిర్యానీ కాదు’ అని ఎవరైనా అంటే తలవంచుకోనక్కర్లేదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ 342 మందితో మద్రాసు నుంచి వచ్చి ఇక్కడ ఆగింది. 1911 వరకు 1,52,000కు పైగా మనుషులు ఒప్పంద కూలీలుగా వచ్చారు. రేషనుగా ఇచ్చిన బియ్యం, పప్పు, నూనె, ఉప్పుతో వాళ్ళు వంట చేసుకున్నారు. ఇక్కడ దొరికినదాన్ని కలుపుకున్నారు. ఆ వంట వాళ్ళది, మనది. మన తెలుగు కూడా అలాంటిదే. అది కొంచెం మారి ఉంటే, దూరం నడిచి వచ్చింది కాబట్టి మారింది.

పబ్‌లో ఏం మాట్లాడాలి?

డర్బన్‌లో బన్నీకి పేరున్న చోట్లు కొన్ని పబ్బులే. ఉమ్‌గేని రోడ్డులోని బ్రిటానియా హోటల్‌ను ఊరంతా ముద్దుగా ‘బ్రిట్స్’ అంటుంది. ఒకవైపు బీరు, మరోవైపు మటన్ కూర, టీవీలో ఆట. స్నేహితులు కలుసుకునే చోటు ఇలాగే ఉంటుంది.

తాగే చోటుకు కూడా ఒక చరిత్ర ఉంది. 1928 నాటి మద్యం చట్టం, దాని తరువాతి సవరణలు, ఎవరు ఎక్కడ తాగవచ్చో, ఎవరు కొనుక్కోవచ్చో జాతిని బట్టి తేల్చేవి. 1960ల మొదట్లో గానీ ఆ కట్లు సడలలేదు. ఇంకొక సంగతి: మన దేశంలో ‘కేన్’ అని పిలిచే తెల్లని మద్యం చెరకు నుంచి వస్తుంది. ముత్తాతలు ఎండలో నరికిన పంట అది. ఆ గ్లాసు కొన్ని కుటుంబాలను కూల్చిందని కూడా మనందరికీ తెలుసు. కాబట్టి తాగేవాళ్ళను వెక్కిరించవద్దు, తాగనివాళ్ళను బలవంతం చేయవద్దు. ‘నేను తాగను’ అన్న రెండు మాటలు చాలు. కారణం చెప్పాలనిపిస్తే ‘నేనే బండి నడపాలి’ అనండి. స్నేహితులైతే ఆ పైన అడగరు.

తిండి కట్టుబాట్లు కూడా అంతే. పెరటాసి నెలలో మాంసం మానేసేవారు మన ఇళ్ళలో ఎందరో. గొడ్డు మాంసం తిననివారు ఉన్నారు. హలాల్ చూసుకునే ముస్లిం స్నేహితులు ఉన్నారు. చోటు ఎంచుకునే ముందే ‘నువ్వు ఏం తినవు?’ అని అడగండి. బీన్స్ బన్నీ అందరికీ సరిపోతుంది. బన్నీ మొదలైందే దానితో కదా.

నువ్వు, మీరు, ఒరేయ్

ఇప్పుడు అసలు చిక్కు. తరగతిలో మీరు నేర్చుకున్న తెలుగు మర్యాదగల తెలుగు. ‘రండి, కూర్చోండి, తినండి.’ పెద్దలతో అది సరైనదే. ఆ తెలుగుతో చిన్ననాటి స్నేహితుణ్ణి పిలిస్తే నవ్వుతాడు. ‘దయచేసి భోజనం చేయండి’ అంటే, మీకు కోపం వచ్చిందేమో అనుకుంటాడు.

స్నేహితుడికి ‘తిను’ చాలు. ఇంకా దగ్గరివాడైతే ‘తినరా’. దగ్గరి స్నేహితురాలైతే ‘తినవే’. ఈ ‘రా’, ‘వే’ అక్షరాలు చిన్నవే కానీ పదునైనవి. ఈడువాళ్ళ మధ్య, చనువు ఉన్నచోట అవి ప్రేమ. పెద్దవాళ్ళతో, కొత్తవాళ్ళతో అవి అవమానం. కొత్తగా పరిచయమైన అమ్మాయిని ‘వే’ అని పిలవకండి. కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ తెలుగు ఆవిడని తెలిస్తే ‘అక్కా’ అనో ‘పిన్నీ’ అనో పిలిచి, ‘మీరు’ అని మాట్లాడండి.

భాష ఈడువాళ్ళ మధ్య ఎందుకు బతకాలో ఇక్కడే తెలుస్తుంది. అవ్వతో మాట్లాడినంత కాలం మనకు మనవడి తెలుగు, మనవరాలి తెలుగు మాత్రమే వస్తుంది. స్నేహితుడి తెలుగు రాదు. వేళాకోళం రాదు. అలక రాదు. అవ్వ వెళ్ళిపోయాక ఆ తెలుగుతో మాట్లాడడానికి ఎవరూ మిగలరు.

ఒక బల్ల దగ్గర వినిపించగల మాటలు ఇవిగో. ఇద్దరో ముగ్గురో కలిసి గట్టిగా చదవండి.

— ఎక్కడున్నావురా? మేమంతా వచ్చేశాం.

— వస్తున్నా, వస్తున్నా. బండి పెట్టడానికి చోటు దొరకలేదు.

— సరే, నీకేం చెప్పమంటావు? మటనా, బీన్సా?

— బీన్స్ చెప్పు. పెరటాసి కదా, మాంసం తినను.

— క్వార్టర్ చాలా, హాఫ్ కావాలా?

— క్వార్టర్ చాలు. పొద్దున్నే పనికి వెళ్ళాలి.

— అబ్బ, ఏం కారం! ఆ నీళ్ళు ఇటివ్వు.

— క్యారెట్ నంజుకో, మంట తగ్గుతుంది.

— ఈ మూలుగ ఎముక ఎవరిది?

— నాది! ముట్టుకుంటే ఊరుకోను.

— బిల్లు నేనిస్తాను.

— పోయినసారి నువ్వే ఇచ్చావు. ఈసారి పంచుకుందాం.

‘నీకేం చెప్పమంటావు?’ అన్న వాక్యం చూడండి. హోటల్లో ఆర్డరు ఇవ్వడాన్ని తెలుగులో ‘చెప్పడం’ అంటారు. ‘రెండు టీలు చెప్పు’ అంటే రెండు టీలు తెమ్మని సర్వర్‌కు చెప్పమని. ‘పంచుకుందాం’లో మళ్ళీ మన పాత స్నేహితుడు ‘కొను’ ఉన్నాడు.

మేము కాదు, మనం

ఇంకొక చిన్న తేడా ఉంది. దీన్ని మాత్రం మరిచిపోకండి. ఇంగ్లీషులో ‘వుయ్’ ఒక్కటే. తెలుగులో దానికి రెండు మాటలు ఉన్నాయి: మేము, మనం. ఎదురుగా ఉన్న మనిషిని బయట ఉంచితే ‘మేము’. ఆ మనిషిని కూడా కలుపుకుంటే ‘మనం’.

‘మేము తింటున్నాం’ అంటే, మీరు తినడం లేదు, చూస్తున్నారు. ‘మనం తిందాం’ అంటే, రండి, మీరూ కూర్చోండి. ఒక్క మాటతో ఒక కుర్చీ తీసేయవచ్చు, ఒక కుర్చీ వేయవచ్చు. ఒకప్పుడు ఈ ఊరి బెంచీల మీద రాసి ఉన్నదంతా ‘మేము’ అన్న మాటే. కాబట్టి మన బల్ల దగ్గర ఆ తప్పు జరగకూడదు.

ఎందుకంటే మీ స్నేహితుల్లో తెలుగు రానివారు ఉంటారు. జులూ స్నేహితుడు ఉంటాడు, తమిళ, గుజరాతీ స్నేహితులు ఉంటారు. వాళ్ళ ముందు నలుగురు తెలుగులో మాట్లాడుకుంటూ నవ్వితే వాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది. దానికి తెలుగు మానేయక్కర్లేదు. వాళ్ళకు కూడా రెండు మాటలు ఇవ్వండి. ‘నంజుకో’ అంటే ఏమిటో చేసి చూపించండి. వాళ్ళ భాషలో దానికి ఏమంటారో అడగండి. జోహానెస్‌బర్గ్ టౌన్‌షిప్‌లలో బన్నీ లాంటి రొట్టెను ‘కోటా’ అంటారు, అదీ ‘క్వార్టర్’ నుంచి వచ్చినదేనంటారు. తిండి మన భాషల మధ్య ఎప్పుడో తిరిగేసింది. మనమే వెనకబడ్డాం.

నెలకు ఒక బల్ల

చివరగా ఒక చిన్న సలహా. తరగతి పెట్టనక్కర్లేదు, సంఘం కట్టనక్కర్లేదు. నెలలో ఒక సాయంత్రం, ముగ్గురో నలుగురో చాలు. మూడు పద్ధతులు పెట్టుకోండి.

మొదటిది, కూర్చున్నప్పటి నుంచి తిండి వచ్చే వరకు తెలుగులోనే మాట్లాడాలి. ఆకలి మీద ఉన్నప్పుడు పది, పదిహేను నిమిషాలు చాలా పెద్దవి. రాని మాట దగ్గర ఇంగ్లీషు మాట పెట్టి ముందుకు వెళ్ళండి, ఆగకండి.

రెండవది, ఎవరి తప్పుకూ నవ్వకూడదు. మూలుగ ఎముక కోసం జరిగే గొడవకు ఎంతైనా నవ్వవచ్చు.

మూడవది, ప్రతిసారి ఒక కొత్త మాట ఇంటి నుంచి తేవాలి. అవ్వను, తాతను, పెద్దమ్మను అడిగి తేవాలి. ‘నువ్వు పిల్లగా ఉన్నప్పుడు బయట ఎక్కడ తినేదానివి? ఎవరితో వెళ్ళేదానివి? ఎక్కడ కూర్చోనిచ్చేవాళ్ళు కాదు?’ అని అడగండి. మాటతో పాటు కథ కూడా వస్తుంది. ఇంకొన్నేళ్ళు ఆలస్యమైతే అడగడానికి మనిషి ఉండకపోవచ్చు.

తిన్నాక బిల్లు పంచుకోండి. వడ్డించిన వారికి పది శాతమైనా టిప్పు పెట్టండి. మీ ఇంట్లో ఎవరో ఒకరు ఒకప్పుడు అదే పని చేసి ఉంటారు. కారు చూసుకున్న మనిషిని కూడా మరవకండి. బాగుందని చెప్పడానికి ‘ధన్యవాదాలు’ అనే పెద్ద మాట అక్కర్లేదు. ‘కడుపు నిండింది’ అనండి. వండినవారికి అంతకంటే మంచి మాట లేదు.

లేచేటప్పుడు ‘వెళ్తాను’ అనకండి. మన ఇళ్ళలో అలా అనడం మంచిది కాదంటారు. ‘వెళ్ళొస్తాను’ అనండి. వెళ్ళి మళ్ళీ వస్తానని దాని అర్థం. వచ్చే నెల అదే బల్ల దగ్గరికి రండి.